ముంగట ఏడు, ఎనుక ఏడు

ఉదయం పదీ ఇరవైకి చాయ్ వచ్చింది. రోజూ వచ్చేదే. పక్క హోటల్ యూసుఫ్ భాయ్ రెండు గ్లాసులు తెచ్చి, ఒకటి రంపం మిషన్ బల్ల మీద, ఒకటి నా స్టూలు పక్కన పెట్టి పోయాడు. ఆ గ్లాసులు తీసుకుపోవడానికి ఆయన మళ్ళీ వచ్చేలోపల నేను ఒక చెరుకు బండిని పాడుచేశాను. ఎడ్లు లేని బండి, చక్రాలు లేని బండి, విప్పి గోడకు ఆనించిన పలకలుగా మాత్రమే మిగిలిన బండి. అయినా బండే. ఎన్నో వానలకు తట్టుకుంది, చెదకు తట్టుకుంది. నాకు తట్టుకోలేకపోయింది. ఆ సమయంలో నా చేతిలో ఉన్న ఆయుధం లైబ్రరీ నుంచి తెచ్చుకున్న ఒక నవల.

ఈ కథ చెప్పే హక్కు నిజానికి మా ఆయన లింబాద్రిది. పెండ్లిళ్ళలో, తొట్టెల ఫంక్షన్లలో, బోధన్ బస్సులో పక్క సీటువాళ్ళకు, అడిగినా అడగకపోయినా చెప్పేవాడు. చెప్పినప్పుడల్లా నా నవల కొంచెం లావయ్యేది. మొదట్లో ఒక చేతిలో పట్టే పుస్తకం. చివరికి ఇద్దరు మనుషులు మోయాల్సినంత అయింది. నేను పక్కనే కూర్చుని వినేదాన్ని. మీ ఇంట్లో కూడా ఇట్లాంటి కథ ఒకటి ఉండే ఉంటుంది, దాన్ని భరించే మనిషి కూడా ఒకరు ఉండే ఉంటారు.

పోయిన వానాకాలంలో లింబాద్రి చనిపోయాడు. మొన్న బాల్కొండలో మా వాళ్ళ పెండ్లి అయింది. భోజనాల దగ్గర ఎవరో, "లింబన్న ఉంటే ఇప్పుడు చాట కథ చెప్తుండె," అన్నారు. అందరూ నా వైపు చూశారు. నలుగురిలో లేచి చెప్పడం నాకు రాదు. అన్నం కలుపుకుంటూ ఉండిపోయాను. ఇంటికి వచ్చాక అనిపించింది, నేను చెప్పకపోతే ఇక ఈ కథ లేదని. అందుకే రాస్తున్నాను. పైగా ఆయన చెప్పే కథలో ఒక ముక్క ఎప్పుడూ ఉండేది కాదు. దాన్ని కూడా చేర్చాలి.

మా షెడ్డు నిజామాబాద్‌లో బోధన్ రోడ్డు మీద ఉంది. తలుపులు, బీరువాలు, బల్లలు చేస్తాం. పెండ్లికి ముందు నేను ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్పేదాన్ని. బడి మానేసి షెడ్డుకు వచ్చినా ఆయన నన్ను పేరు పెట్టి పిలవలేదు, పంతులమ్మ అనే పిలిచాడు. అట్లా ఒక్క పిలుపు వరకు నా ఉద్యోగం పోలేదు.

జరిగింది అర్థం కావాలంటే మిషన్ గురించి కొంచెం చెప్పాలి. ఓపిక పట్టండి. ఇనుప బల్ల మధ్యలో ఒక చీలిక, అందులోంచి పైకి వచ్చే గుండ్రటి బ్లేడు. బ్లేడు పక్కన బల్ల పొడుగునా ఒక ఇనుప పట్టీ ఉంటుంది. దాన్ని గైడు అంటాం. చెక్కను గైడుకు ఆనించి తోస్తే, గైడుకూ బ్లేడుకూ మధ్య ఎంత దూరం ఉందో అంత వెడల్పు పలక వస్తుంది. ఏడంగుళాల పలక కావాలంటే గైడును ఏడంగుళాల దూరంలో పెట్టి, ముందున్న పిడి నొక్కి బిగించాలి. చెప్పడానికి ఇంతే.

మా గైడుకు మాత్రం ఒక గుణం ఉండేది. పిడి నొక్కగానే దాని తోక పక్కకు జరిగేది, ఫోటో తీస్తామనగానే మెడ తిప్పే చంటిపిల్లలాగా. తోక బ్లేడు వైపు జరిగితే చెక్క మధ్యలో ఇరుక్కుని మాడుతుంది, ఒక్కోసారి తోసే మనిషి మీదికే ఎగిరి వస్తుంది. బయటికి జరిగితే చెక్క గైడును వదిలేసి పోతుంది, పలక పోను పోను సన్నమవుతుంది. అందుకని లింబాద్రి ఒక పద్ధతి పెట్టాడు. ఆయన ముందు, నేను వెనక. ఇద్దరి చేతుల్లో చెరో టేపు. మిషన్ ఆపి, బ్లేడు పన్ను నుంచి గైడు దాకా ఇద్దరం కొలుస్తాం.

"ఎనుక ఎంత?"

"ఏడు."

"ముంగట ఏడు. బిగిస్తున్న." పిడి నొక్కుతాడు. "ఇప్పుడెంత?"

"ఏడు మీద ఒక సూత్." సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతు.

"సూసినవా? బిగించినంక మళ్ల సూడాలె. బిగించినప్పుడే అది జరుగుతది."

చెక్క సుత్తితో తోకను మెల్లగా తడతాడు. మళ్ళీ అడుగుతాడు. రెండు అంకెలూ కలిసేదాకా బ్లేడు తిరగదు. ప్రతి పలకకూ ఇదే. యూసుఫ్ భాయ్ ఒకసారి ఉండబట్టలేక అడిగాడు.

"అరే లింబన్నా, ఆ ఇనుప ముక్కను ఇన్నిసార్లు అడుగుతున్నవ్. ఎట్లున్నవ్ అని పెండ్లాంను ఒక్కసారన్న అడిగినవా?"

"ఆమె జరగదు భాయ్. ఇది జరుగుతది," అన్నాడు లింబాద్రి.

ఇక బండి సంగతి. బోధన్ దాటి రెంజల్ వైపు పోతే ఒక క్యాంపు ఉంది. కాలువ కింద భూములు కొనుక్కుని కోస్తా నుంచి వచ్చినవాళ్ళ ఊళ్ళను ఇక్కడ క్యాంపులంటారు. అక్కడి రైతు సత్యం గారు. షుగర్ ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో ఆయన చెరుకును బండి మీద తోలుకు వచ్చేవారు. ఫ్యాక్టరీ మూతపడింది. చెరుకు పోయి వరి వచ్చింది. ఎడ్లు పోయాయి. బండి చక్రాలను ఎవరో దాబావాళ్ళు గేటు పక్కన పెట్టుకోవడానికి కొనుక్కుపోయారు. మిగిలిన అడుగు పలకలను ట్రాలీ ఆటోలో వేసుకుని మా షెడ్డుకు వచ్చారు.

"లింబాద్రీ, ఇవి మా బండి పలకలయ్యా. పొయ్యిలోకి పోనివ్వనని మా సీత పట్టు పట్టింది. అరుగు మీద వేసుకోడానికి వెడల్పాటి బల్ల ఒకటి చేసిపెట్టు. మోకాళ్ళు అరిగిపోయి ఆవిడ కింద కూర్చోలేకపోతోంది. నేను కూడా మధ్యాహ్నం పూట కాస్త నడుం వాలుస్తాను."

"పాత టేకు సార్. మంచిగైతది."

"జాగ్రత్త మరి. ఒక్క ముక్క పాడైనా ఇంకో ముక్క లేదు. మా దగ్గర మిగిలిన బండి ఇదే."

"మా పంతులమ్మ ఎనుక నిలవడ్డంక కొలత తప్పది సార్," అన్నాడు లింబాద్రి.

ఆ మాట నేను విన్నాను. విని గర్వపడ్డాను కూడా.

పలకల్లోంచి మేకులు పీకడానికే లింబాద్రికి చాలా పొద్దు పట్టింది. ఒక్క మేకు మిగిలినా బ్లేడు పోతుంది. ఆ తరువాత ఒక్కో పలకకు ఒక అంచు చిత్రిక పట్టి తిన్నగా చేశాడు. రెండో అంచు మిషన్ మీద కోయాలి. అయిదు పలకలు, ఒక్కొక్కటి ఏడంగుళాలు. ఆ పలకలు కోస్తుంటే షెడ్డంతా బెల్లం వాసన వచ్చిందని పెండ్లిళ్ళలో చెప్పేవాడు. నాకు టేకు పొట్టు వాసన తప్ప ఏమీ రాలేదు.

కోసే రోజు పన్నెండు బస్సుకు సత్యం గారు వచ్చి చూస్తానన్నారు. అదే రోజు సాయంత్రానికి నేను నవల లైబ్రరీలో తిరిగి ఇవ్వాలి. కథానాయిక ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉంది. నలభై పేజీల నుంచి నిలబడే ఉంది. రైలు ఎక్కాలా వద్దా అని ఆమె ఆలోచిస్తోంది, రైలు కూడా పాపం ఆమె కోసం ఆగి ఉంది.

మొదటి పలకకు నేను ధర్మంగానే కొలిచాను. ఏడు. బిగించాక ఏడు మీద సూత్. సుత్తితో తట్టాక ఏడు. పలక గీత గీసినట్టు వచ్చింది. చాయ్ వచ్చింది కూడా అప్పుడే. ఒక గుక్క తాగి నవల తెరిచాను.

"ఎనుక ఎంత?"

కథానాయిక రైలు మెట్టు మీద ఒక కాలు పెట్టింది.

"ఏడు," అన్నాను.

"ముంగట ఏడు. బిగిస్తున్న. ఇప్పుడెంత?"

కాలు వెనక్కి తీసింది.

"ఏడే."

బ్లేడు తిరిగినప్పుడు పుస్తకాన్ని స్టూలు మీద బోర్లించేదాన్ని. వచ్చిన పలకను అందుకుని గోడకు ఆనించి, వచ్చి మళ్ళీ కూర్చునేదాన్ని. పలకలన్నీ నా చేతుల మీదుగానే పోయాయి. పెండ్లికి పోయి, దూరం నుంచి అక్షింతలు విసిరి, పెండ్లికూతురు ఎవరో చూడకుండానే భోజనాల వైపు నడిచేవాళ్ళు ఉంటారు. నేను ఆ రోజు ఆ పలకలకు అట్లాంటి చుట్టాన్ని.

"పంతులమ్మా, ఇయ్యాల గైడు మస్తు బుద్ధిగున్నది. ఒక్కసారన్న జరగలే."

"అది గూడ ముసల్దయింది. ఏడికి పోతది?" అన్నాను పేజీ తిప్పుతూ.

"చెక్క జర బరువుగ పోతున్నది."

"పాత టేకు గదా."

"గదే అనుకున్న."

చివరి పలక కూడా అయిపోయింది. కథానాయిక రైలు ఎక్కలేదు. ఇంటికి తిరిగిపోయి అన్నం వండింది. ఆ అన్నం కోసం నేను ఒక బండిని ధారపోశాను.

లింబాద్రి పలకలు తెచ్చి నేల మీద పక్కపక్కన పేర్చాడు.

"పంతులమ్మా."

"ఊ."

"పుస్తకం మూసి ఇటు రా."

పుస్తకం నా చేతిలో ఉందని ఆయనకు అప్పటిదాకా తెలియదనుకున్నాను. మూసి పోయాను. పలకలు ఒక కొసన వెడల్పుగా, రెండో కొసకు పోయేసరికి దగ్గరగా ముడుచుకుని ఉన్నాయి. ఆ కొసకూ ఈ కొసకూ నాలుగు వేళ్ళ తేడా. నాలుగు వేళ్ళు ఎక్కువేం కాదనుకుంటారేమో. మీ ఇంట్లో మంచానికి ఒక వైపు నాలుగు వేళ్ళు తగ్గించి పడుకుని చూడండి.

అప్పుడే యూసుఫ్ భాయ్ గ్లాసుల కోసం వచ్చాడు. వచ్చి, నడుము మీద చేతులు పెట్టుకుని, చాలాసేపు చూశాడు.

"వాహ్. బల్ల అన్నవ్, చాట చేసినవ్. వడ్లు చెరగనీకా, మనుషుల చెరగనీకా?"

"భాయ్, గ్లాసులు తీస్కొని పో."

"పోత పోత. ముసలాయన ఎప్పుడొస్తడు?"

"పన్నెండు బస్సుకు."

"మరి ఏం చెప్తవ్?"

"నేనెందుకు చెప్త? పంతులమ్మ చెప్తది."

"నేనేం చెప్పాలె?" అన్నాను.

"పొద్దటిసంది చెప్తున్నవ్ గదా, గదే చెప్పు. ఏడు అని."

బడిలో పాఠాలు చెప్పిన నోరు ఆ పూట పనికి రాలేదు.

"అన్నిటిని సన్నపు కొసకు సమానంగ కోస్తే?" అని అడిగాను.

"కోస్తే బల్ల కాదు, బడిల పిల్లల బెంచీ అయితది. ఆయన దీన్ని పొయ్యిల పెట్టొద్దని తెచ్చిచ్చిండు. మనం పొయ్యిలకే కోసినం."

ఆయన కోపంగా అనలేదు. ఒక పలక అంచు మీద బొటనవేలు నడిపిస్తూ అన్నాడు. కోపంగా అని ఉంటే బాగుండేది.

బస్సు దిగి సత్యం గారు ఒక్కరే రాలేదు. సీతమ్మ గారు కూడా వచ్చారు, ఆయన భుజం పట్టుకుని ఒక్కో అడుగూ వేసుకుంటూ. తన బండి ఎట్లా అయిందో చూడాలని వచ్చారు. నా స్టూలు తెచ్చి వేశాను. దాని మీది నవల తీసి వెనక దాచుకోబోయాను గాని అప్పటికే ఆమె చూశారు.

సత్యం గారు వంగి పలకలను చూశారు. ఒకదాని మీద చెయ్యి పెట్టారు.

"ఇదేంటయ్యా లింబాద్రీ?"

లింబాద్రి నోరు తెరిచేలోపల నేనే చెప్పాను. "తప్పు నాది సార్. ఎనుక కొలత నేను సూడాలె. సూడకుంట చెప్పిన."

"ఎందుకు చూళ్ళేదమ్మా?"

"నవల చదువుతున్న."

ఆయన పలక మీద చెయ్యి తీయలేదు. "ఇంకో ముక్క లేదు," అన్నారు. ఎవరితోనూ అన్నట్టు లేదు.

"ఏం నవల అమ్మాయ్?" అన్నారు సీతమ్మ గారు.

"ఒకామె రైలు ఎక్కాల్నా వద్దా అని ఆలోచిస్తుంటది అమ్మా."

"ఎక్కిందా?"

"ఎక్కలే."

"పిచ్చిది. నేను ఎక్కాను. ఎక్కబట్టే ఈ నేలంతా చూశాను." ఆమె పలకల వైపు వంగి చూశారు. "ఏవండీ, బండి మీద చెరుకు ఎట్లా పేర్చేవాళ్ళం?"

"ఇప్పుడు చెరుకు సంగతెందుకు?"

"చెప్పండి."

"ఎట్లా ఏముంది? గడకి మొదలు లావు, కొస సన్నం. ఒక కట్ట మొదలు ముందుకి పెడితే ఇంకో కట్ట మొదలు వెనక్కి పెట్టాలి. అన్నీ ఒకే వైపు పెడితే బరువంతా..." అని ఆగారు.

ఆయనా లింబాద్రీ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తరువాత ఇద్దరూ ఒకేసారి వంగారు. ఒక పలకను అట్లాగే ఉంచి, పక్కదాన్ని తిప్పారు. ఒకదాని లావు కొస పక్కన ఇంకోదాని సన్నపు కొస. దాని పక్కన మళ్ళీ లావు కొస. అయిదు పలకలూ అట్లా పేర్చేసరికి చాట పోయింది. అంచుల్లో కొంచెం వంకర మిగిలింది, అది కోస్తే పోతుంది. వెడల్పు అనుకున్నదానికంటే కొంత తగ్గింది. కాని అది బల్లే.

"నేను గూడ గదే అనుకుంటున్న సార్, మీరు రాంగనే చెప్దామని," అన్నాడు లింబాద్రి.

"అనుకున్నావులే," అన్నారు సత్యం గారు.

పెండ్లిళ్ళలో లింబాద్రి కథ ఇక్కడ అయిపోయేది. జనం నవ్వేవాళ్ళు, నేను తల వంచుకునేదాన్ని. మిగతాది ఇప్పుడు నేను చెబుతాను.

పలకలు తిప్పుతున్నప్పుడు ఒకటి గమనించాను. బ్లేడులోకి ముందు పోయే లావు కొస ఆయన కొలతను బట్టి వస్తుంది, చివర పోయే సన్నపు కొస నా కొలతను బట్టి. సన్నపు కొసలు సమానంగా లేకపోవడంలో ఆశ్చర్యం లేదు. కాని లావు కొసలు కూడా సమానంగా లేవు. టేపు తీసి కొలిచాను. ఈసారి కళ్ళతో చూసి కొలిచాను.

"ఏమయ్యా, ఈ కొసలు నీ కొలతవి గదా?"

"ఆ."

"ఇది ఏడు. దీనికి ఒక సూత్ తక్కువ. దీనికి రెండు తక్కువ. ప్రతిసారి ముంగట ఏడు అన్నవ్ గదా?"

లింబాద్రి బ్లేడు వైపు చాలా శ్రద్ధగా చూడసాగాడు, అది అప్పుడే ఎవరో తెచ్చి అక్కడ పెట్టినట్టు.

"ఆ మేకుకి వేలాడుతున్న కళ్ళద్దాలు ఎవరివి అబ్బాయ్?" అని అడిగారు సీతమ్మ గారు.

"నాయే అమ్మా."

"ఎప్పుడు పెట్టుకుంటావు?"

"పేపర్ చదివేటప్పుడు."

ఆమె నా వైపు తిరిగారు. "పేపరు చదువుతాడా?"

"చదవడు," అన్నాను.

ఆ అద్దాల మీద పేరుకున్న పొట్టును చూస్తే, అవి ఆ మేకుకు ఎక్కిన రోజు నుంచి దిగలేదని తెలిసిపోతుంది. టేపు మీది గీతలు ఆయనకు కొన్నాళ్ళుగా కనిపించడం లేదు. అద్దాలు పెట్టుకుంటే చేయి తిరిగిన పనివాడు ముసలివాడయ్యాడని జనం అనుకుంటారని ఆయన భయం.

"నువ్వు ఏడు అంటివి," అన్నాడు మెల్లగా. "ఎనుక ఏడుంటే ముంగట ఏడే ఉంటది గదా అనుకున్న."

"నువ్వు ముంగట ఏడు అని బిగించినవని నేను ఎనుక గూడ ఏడే అన్న."

అంటే ఆ పూట మా మిషన్ దగ్గర కొలిచినవాళ్ళు ఎవరూ లేరు. నేను ఆయన మాట నమ్మాను, ఆయన నా మాట నమ్మాడు. గైడు మాత్రం తన దారిన తాను నడిచింది. సత్యం గారు అప్పుడు నవ్వారు. మొదట గొంతులో, తరువాత భుజాలు కదిలేటట్టు. సీతమ్మ గారు చీర చెంగుతో నోరు మూసుకున్నారు. "ముందూ వెనకా దొందూ దొందే," అన్నారు సత్యం గారు. యూసుఫ్ భాయ్ ఎప్పుడు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడో తెలియదు. "నాలుగు చాయ్ తెస్త, లెక్కల రాయను," అని పోయాడు.

ఆ మధ్యాహ్నం లింబాద్రి అద్దాలు తుడిచి పెట్టుకున్నాడు. నేను నవలను షెడ్డు బయట, సైకిలు మీద పెట్టి వచ్చాను. అంచులు కోయడానికి గైడు పెట్టాం. ఆయన అడిగాడు, నేను చూసి చెప్పాను. ఆయన చూసి చెప్పాడు. బిగించాడు. మళ్ళీ అడిగాడు, మళ్ళీ చూశాను. ఒక సూత్ జరిగింది. తట్టాడు. కలిసింది. మా పెండ్లయ్యాక మేమిద్దరం అంత నిజంగా మాట్లాడుకున్నది అదేనేమో.

బల్లను ట్రాలీ ఆటోలో క్యాంపుకు తీసుకుపోయి అరుగు మీద వేశాం. సత్యం గారు దాని మీద పక్కకు ఒరిగి చూసి, "నడుం వాల్చడానికి చాలదు," అన్నారు.

"మంచిదే," అన్నారు సీతమ్మ గారు. "మీరు నడుం వాలిస్తే నేనెక్కడ కూర్చోను?"

దసరాకు మిషన్‌కు పసుపు కుంకుమ పెట్టినప్పుడు లింబాద్రి నా చేత ఒట్టు వేయించాడు. చెయ్యి మిషన్ బల్ల మీద పెట్టి, యూసుఫ్ భాయ్ సాక్షిగా, కొలత చూడకుండా అంకె చెప్పనని గట్టిగా పలికాను. "మరి నువ్వో?" అంటే, అద్దాలకు దారం కట్టి మెడలో వేసుకున్నాడు. ఆ దారం తరువాత ఎప్పుడూ తీయలేదు. పెండ్లిళ్ళలో కథ చెప్పేటప్పుడు మాత్రం వాటిని చొక్కా లోపలికి తోసేవాడు. నేను ఆ చొక్కా వైపు చూసేదాన్ని. ఆయన గొంతు పెంచి నవల గురించి చెప్పేవాడు. నేను బయటపెట్టలేదు. ఇప్పుడు బయటపెట్టాను. ఇన్నాళ్ళ మా వాదనలో నేను గెలిచినట్టే. కాదనడానికి ఎదురుగా ఎవరూ లేరు.

పోయిన వానాకాలం ఆసుపత్రిలో ఆయన వేలికి ఒక క్లిప్పు పెట్టారు. పక్కన చిన్న డబ్బాలో అంకె కనిపించేది. ఊపిరి ఎంత అందుతోందో చెప్పే అంకె. అది ఎంత కంటే తగ్గకూడదో డాక్టరు మొదటి రోజే మా ఇద్దరికీ చెప్పాడు. ముఖానికి మాస్కు పెట్టారు కనుక అద్దాలు నా సంచిలో ఉన్నాయి. ఆయనకు అంకె కనిపించేది కాదు. అప్పుడప్పుడు మాస్కు కొంచెం పక్కకు లాగి నన్ను అడిగేవాడు.

"ఎనుక ఎంత?"

నేను చూసి చెప్పేదాన్ని. చెప్పగానే మాస్కు వదిలేసేవాడు.

ఒక మధ్యాహ్నం అడిగాడు. చూశాను. అంకె బాగా పడిపోయి ఉంది. మళ్ళీ చూశాను. నిన్నటి అంకె చెప్పాను.

ఆయన నా ముఖం వైపు కాసేపు చూశాడు.

"ముంగట గూడ గంతే," అన్నాడు.

మళ్ళీ అడగలేదు.

ఆయన పోయిన పదో రోజుకు సత్యం గారూ సీతమ్మ గారూ వచ్చారు. పోయేముందు సీతమ్మ గారు నా చెయ్యి పట్టుకుని, "అమ్మాయ్, బల్ల ఇప్పటికీ ఊగట్లేదు," అన్నారు. నాతో ఎందరో ఎన్నో మాటలు అన్నారు. నాకు గుర్తున్నది అదొక్కటే.

చదివినవాళ్ళ సాక్షిగా ఒట్టు ఇంకోసారి వేస్తున్నాను. చూడకుండా అంకె చెప్పను. చూసి వేరే అంకె కూడా చెప్పను. బ్లేడు ఉన్న చోట నవల తెరవను. రైలు ఎక్కాలా వద్దా అని తేల్చుకోలేని కథానాయికలతో నాకు ఇక ఏ సంబంధమూ లేదు. ఈ ఒట్టు తప్పితే నన్ను చాటలో కూర్చోబెట్టి చెరగవచ్చు.

షెడ్డు ఇప్పుడు నేనే చూసుకుంటున్నాను. ఇద్దరు పనివాళ్ళు ఉన్నారు, మంచివాళ్ళు. కొత్త మిషన్ వచ్చింది. దాని గైడు పిడి నొక్కితే రెండు కొసలూ ఒకేసారి బిగుస్తాయి. ముందున్న స్కేలు మీద గీత చూసుకుంటే సరిపోతుంది, ఒక్క మనిషి చాలు. నా స్టూలు మిషన్ వెనకే ఉంది. ఎనుక ఎంత అని మా షెడ్డులో ఇప్పుడు ఎవరూ అడగరు.